నూకాలు ఎక్కేదాకా

కొండలకి పేర్లు ఇంకా కుదురుకోని రోజులవి. దారికి తారు తెలియదు. వానకి వాయిదా తెలియదు. ఆ రోజుల్లో ఏనుగుమెట్ట అనే కొండ మీద ఎగువూరని ఒక ఊరుండేది. ఆ ఊరికి ఒకటే లారీ. ఆ లారీకి ఒకడే డ్రైవరు. ఆ డ్రైవరుకి ఒకరే క్లీనరు. ఈ కథ ఆ క్లీనరుది.

క్లీనరంటే ఎవరో మీసాల మనిషి అనుకునేరు. కాదు. నడివయసు ఆడమనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. పేరు నూకాలు.

అంతకు ముందు ఆ పని ఆమె మొగుడు కన్నయ్యది. లారీ నడిపేది కన్నయ్య వాళ్ళ అన్న సన్యాసి. కన్నయ్య జ్వరంతో పోయాక, లారీ మళ్ళీ కదలాల్సిన రోజున, సన్యాసి ఒక్కడే స్టీరింగు పట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. నూకాలు ఇంట్లోంచి వచ్చింది. ఆమె చంకలో మొగుడి అడ్డుచెక్క ఉంది.

"ఏటి చేద్దామని అమ్మీ?" అన్నాడు సన్యాసి.

"మీ తమ్ముడు ఏటి చేసేవాడో అదే చేద్దామని, బావా" అని ఎడమపక్క తలుపు తీసి ఎక్కి కూర్చుంది.

అడ్డుచెక్క అంటే ఏమిటో చెప్పుకోవాలి. గట్టి చేవ కర్రని ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా చెక్కుతారు. ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ లారీ ఆగిపోయిందనుకోండి, బరువుకి వెనక్కి జారుతుంది. అది జారేలోపు క్లీనరు కిందకి దూకి, వెనక చక్రం కింద ఆ చెక్క తోయాలి. తోస్తే బతికినట్టు. లేకపోతే లారీ, మనుషులు, సరుకు అన్నీ లోయలోకే. కొండదారిలో క్లీనరు చేతిలో ఉన్నది చెక్కముక్క కాదు, అందరి ప్రాణాలూ అన్నమాట.

ఆ దారికి మూడు మలుపులు. మొదటిది చింతమలుపు, ఎక్కొచ్చు. రెండోది రాతిమలుపు, తిట్టుకుంటూ ఎక్కొచ్చు. మూడోది మెడవిరుపు. అక్కడ దారి ఒక్కసారి మెడ విరుచుకున్నట్టు తిరిగి, నిట్టనిలువుగా లేస్తుంది. ముక్కు పొడుచుకొచ్చిన ఆ పాతకాలం లారీని ఊళ్ళో నల్లెద్దు అనేవాళ్ళు. నల్లెద్దు మొదటి మలుపు ఎక్కేది. రెండో మలుపు ఎక్కేది. మూడో మలుపు దగ్గర ఆగిపోయేది. నూకాలు దూకి చెక్క పెట్టేది. అప్పుడు పైనుంచి జనం దిగొచ్చి, సగం బస్తాలు దించి, నెత్తిన పెట్టుకుని మెట్ట మీదకి మోసేవాళ్ళు. ఒక్క ట్రిప్పుకే అందరి నడుములూ పడిపోయేవి.

అలా ఎందుకు పడాలీ అంటే, వానలు మొదలైతే కొండ కింద గెడ్డ పొంగుతుంది. గెడ్డంటే కొండవాగు. అది పొంగిందంటే ఎగువూరికి కిందతో రాకపోకలు ఉండవు. వానాకాలమంతా తినాల్సిన బియ్యం, చోళ్ళనే రాగులు, ఉప్పు అంతకు ముందే పైకి చేరాలి. ఒక ఏడు చేరలేదు. ఆ ఏడు జనం మామిడి టెంకల్లో జీడి నానబెట్టి, అంబలి కాచుకు తాగారు. అరగక కడుపులు పట్టుకున్నారు. ఊళ్ళో కొన్ని ఉయ్యాలలు విప్పి అటకెక్కించేశారు. ఆ ఏడు సంగతి ఎగువూళ్ళో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు.

అలాంటి ఊరికి, సరిగ్గా వానల ముందు, మెడవిరుపు మీద నల్లెద్దు ఇంజను దిమ్మ పగిలింది. ఢామ్మని శబ్దం, ఆవిరి, తర్వాత నిశ్శబ్దం. నూకాలు చెక్క పెట్టింది. కాసేపటికి సన్యాసి దిగి చూసి, తలకి చుట్టిన తుండు తీసి నేలమీద పరిచి కూర్చున్నాడు. అయిపోయిందన్నాడు. ఈ ఎద్దు ఇంక లేవదన్నాడు.

నూకాలు కూడా ఇంజను వైపు చూసింది. తర్వాత మెట్ట వైపు చూసింది. తర్వాత మబ్బు వైపు చూసింది.

"సరే, ఇంకోలా చూద్దాం" అంది.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

లారీని కొంచెం వదులుతూ, చెక్క పెడుతూ, కొంచెం వదులుతూ, చెక్క పెడుతూ కొండ దింపారు. కొండ అడుగున, గెడ్డ ఇవతల, అప్పలాచారి కొలిమి ఉంది. నల్లెద్దుని తెచ్చి ఆ కొలిమి ముందు నిలబెట్టారు.

గెడ్డ అవతల, పల్లంలో ఒక బియ్యం మిల్లుంది. మిల్లు వెనక పెద్ద లారీ ఒకటి చాసిస్ విరిగి, తీగలు అల్లుకుని పడి ఉంది. దాని ఇంజను మాత్రం నిక్షేపంగా ఉంది. నూకాలు, సన్యాసి వెళ్ళి మిల్లు షావుకారుని అడిగారు. ఆయన చుట్ట కాల్చుకుంటూ నవ్వాడు. అది ఆరు సిలిండర్ల ఇంజను, మీది నాలుగింటి బండి, పిల్లి పొట్టలో ఏనుగు పేగులు పెడతారా అన్నాడు. అయినా ఆయనేమీ చెడ్డవాడు కాదు. మోసుకుపోగలిగితే మీదే అన్నాడు.

ఆరు సిలిండర్లంటే ఏమిటో రోలూ రోకలీ తెలిసినవాళ్ళకి తేలిగ్గా తెలుస్తుంది. సిలిండరంటే ఇనుప రోలు అనుకోండి. అందులో ఎక్కి దిగే పిస్టను రోకలి. ఒక్కో రోకలి పోటుకీ చక్రం కొంచెం తిరుగుతుంది. నాలుగు రోకళ్ళుంటే ఒక పోటు అయిపోయాక గాని ఇంకో పోటు అందుకోదు. ఆ రెంటికీ నడుమ కాస్త వెలితి. చదును మీద ఆ వెలితి తెలియదు. ఎత్తు మీద, బరువు మీద, ఆ వెలితిలోనే బండి ప్రాణం పోతుంది. అదే ఒకే వరసలో ఆరు రోకళ్ళుంటే, ఒకటి అడుగంటేలోపే ఇంకోటి అందుకుంటుంది. వెలితే ఉండదు. ఊళ్ళో ఆడవాళ్ళు వరసగా నిలబడి దంచుతున్నప్పుడు ఒకరి ఊపిరి మీద ఒకరు అందుకోవడం నూకాలు పుట్టినప్పటినుంచీ చూస్తోంది. మిల్లు వెనక సన్యాసి ఆ ఇంజనుని హ్యాండిల్ వేసి తిప్పాడు. అది దగ్గింది, ఉమ్మింది, అందుకుంది. నూకాలు కళ్ళు మూసుకుని వింది.

"ఇది ఆగదు బావా" అంది.

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. ఇంజను వచ్చేలోపు నల్లెద్దు ముక్కులో చోటు సిద్ధం చేయాలి కదా. ఆ దేశంలో దేన్నైనా మూరతో కొలుస్తారు. మూరంటే మోచెయ్యి నుంచి వేలి కొస దాకా. సన్యాసి తన చేత్తో ఇంజనుని కొలిచి, ఫ్యానుతో కలిపి సరిగ్గా మూడు మూరలని కబురు పంపాడు. అప్పలాచారి తన చేత్తో మూడు మూరలు కొలిచి, ఇనుప దూలాలు కాల్చి, రివెట్లు కొట్టి బిగించేశాడు. సన్యాసి తాటిచెట్టులాంటి మనిషి. అప్పలాచారి రోలులాంటి మనిషి. ఎవరి మూర వారిదే కదా అని ఒక్కరికీ తట్టలేదు.

ఎడ్లబండి మీద, మోకులు కట్టి, ఊరంతా చెయ్యి వేసి ఇంజనుని గెడ్డ దాటించారు. మూడు దుంగలు కాళ్ళుగా నిలబెట్టి, గొలుసులతో పైకెత్తి, నల్లెద్దు ముక్కులోకి దింపారు. దిగలేదు. రెండు బెత్తెలు, అంటే ఎనిమిది వేళ్ళ వెడల్పు, పొడవెక్కువైంది.

గొలుసుకి వేలాడుతున్న ఇంజనుని అందరూ చూశారు. తర్వాత సన్యాసి చేతిని, అప్పలాచారి చేతిని చూశారు. ఒక ముసలాయన, మూరలు కలవని చోట పెళ్ళి కుదిర్చారురా అన్నాడు. నవ్వినవాళ్ళు నవ్వారు. అప్పలాచారి మాత్రం సుత్తి కింద పెట్టి తల దించుకున్నాడు.

"సరే, ఇంకోలా చూద్దాం" అంది నూకాలు.

మొదట రేడియేటర్ని ముందుకి జరిపారు. ఇంజనుని చల్లార్చే నీళ్ళు తిరిగేది అందులోనే. లారీ ముక్కు దాటి రెండు బెత్తెలు బయటకి, ఇనుప చేతుల మీద నిలబెట్టారు. నల్లెద్దు నాలిక బయటపెట్టినట్టుందని పిల్లలు నవ్వారు. గెడ్డలో దింపి చూశారు. గట్టు దిగేటప్పుడు ముందు ఆ నాలికే వెళ్ళి బండరాయికి కొట్టుకుంది. నీళ్ళన్నీ గెడ్డలో కలిశాయి.

"సరే, ఇంకోలా చూద్దాం" అంది నూకాలు. రేడియేటరుని మాటు వేయించింది. మళ్ళీ పాతచోటే పెట్టించింది.

రెండోసారి ఫ్యాను పీకేశారు. ఫ్యాను లేకపోతే ఇంజను పడుతుంది కదా. పట్టింది. నల్లెద్దు గర్జించుకుంటూ చింతమలుపు ఎక్కింది. రాతిమలుపు దగ్గర, గాలి తగలక, పొంగిన కుండలాగా ఆవిరి కక్కింది. నూకాలు దూకి చెక్క పెట్టింది. మళ్ళీ కొండ దిగారు.

ఆ సాయంత్రం పడమట మొదటిసారి మెరిసింది. జనం మాటలు తగ్గించేశారు. ఒకావిడ అప్పుడే టెంకలు ఏరడం మొదలుపెట్టింది. నూకాలు ఆవిడ ఒడిలోకి చూసింది. కొలిమి దగ్గరకి వచ్చి కూర్చుంది.

అప్పలాచారి గొంతు సర్దుకున్నాడు. ఒక దారి ఉందన్నాడు. ఉందని మొదటినుంచీ తెలుసన్నాడు. కాని నోరు రాలేదన్నాడు.

"ముందుకి చోటు లేదు. వెనక్కి ఉంది" అన్నాడు. "ముక్కుకీ క్యాబిన్‌కీ మధ్య రేకుగోడ కొయ్యాలి. ఇంజను తోక, గేరుపెట్టె రెండు బెత్తెలు లోపలికి వస్తాయి. చక్రాలకి పోయే ఇనుపకడ్డీ ఆ మేరకి నాను కోసి అతుకుతాను. కాని డ్రైవరు కాళ్ళకి చోటు కావాల. అంచేత కొంచెం ఎడమకి జరపాల."

ఎడమపక్క కూర్చునేది ఎవరో అందరికీ తెలుసు. ఆ దారిలో క్లీనరు సీటు తీసేయడం అంటే ఇంట్లో మనిషి ఉండగా పీట ఎత్తేసినట్టే. అంత మాట ఎవరంటారు?

"మరి నువ్వెక్కడ కూచుంటావమ్మీ?" అన్నాడు సన్యాసి.

"నానెప్పుడు కూచున్నాను బావా? కూచునేలోపు మలుపొచ్చేసేది" అంది నూకాలు. తర్వాత ఆమే సుత్తి తీసి అప్పలాచారి చేతిలో పెట్టింది. "కొయ్యి ఆచారిబాబూ. వాన వచ్చేస్తోంది."

కోశాడు. ఈసారి కొలత మూరతో కాదు. నూకాలు చీర కొంగు చింపి, ఇంజను ఈ కొస నుంచి ఆ కొస దాకా పట్టి, ముడి వేసి, ఆ గుడ్డనే లారీ మీద పెట్టి కొలిచారు. నూకాలు తన సీటు మేకులు తనే పీకింది. ఆ సీటు పరుపులో కన్నయ్య కూర్చున్న గుంట ఇంకా ఉంది. ఆమె దాని మీద ఒకసారి చెయ్యి పెట్టి, తీసి, కొలిమి గుడిసెలో ఒక మూల వేసింది. ఇంజను దిగింది. దిగి కుదురుగా కూర్చుంది.

మొదటి ట్రిప్పు బియ్యం. నూకాలు ఎడమపక్క ఫుట్‌బోర్డు మీద నిలబడింది. ఒక చేత్తో తలుపు, ఒక చేతిలో చెక్క. చింతమలుపు ఎక్కారు. రాతిమలుపు ఎక్కారు. మెడవిరుపు వచ్చింది. అలవాటు కొద్దీ ఆమె దూకి వెనక చక్రం వెంట నడిచింది, చెక్క పట్టుకుని, ఇదిగో ఆగుతుంది, ఇదిగో ఆగుతుంది అనుకుంటూ.

ఆగలేదు. ఇంజను గొంతు తగ్గించుకుంది, తగ్గించుకుని, బస్తాల బరువంతా వీపున వేసుకుని, వెలితి లేకుండా దంచుకుంటూ పోయింది. దం దం దం దం దం దం. మలుపు తిరిగింది. మెట్ట ఎక్కింది. కనపడకుండా పోయింది. నూకాలు మాత్రం మెడవిరుపు మీద ఒక్కతే చెక్క పట్టుకుని మిగిలిపోయింది.

సన్యాసి ఆపలేదు. ఆ ఎత్తు మీద ఆపితే మళ్ళీ కదలడం కష్టం. పైన, గాలిమెట్ట అనే చోట, చదును వచ్చాక ఆపాడు. ఇంజను ఆపకుండా, ఎడమ తలుపు తీసి పెట్టి, కూర్చున్నాడు. నూకాలు నడిచి, ఆయాసపడుతూ వచ్చింది. చెక్కని తలుపు పక్క మేకుకి తగిలించింది. ఫుట్‌బోర్డు ఎక్కింది.

"ఎక్కీసాను బావా, పోనీయ్" అంది.

అప్పటినుంచి ప్రతి ట్రిప్పుకీ అంతే. మెడవిరుపు దగ్గర నూకాలు దిగేది. చక్రం వెంట నడిచేది. లారీ పైకి పోయేది. సన్యాసి తలుపు తీసి పెట్టుకుని కూర్చునేవాడు. ఆమె వచ్చేది. ఎక్కీసాను బావా, పోనీయ్. బియ్యం చేరింది. చోళ్ళు చేరాయి. ఇంక ఉప్పు ఒక్కటే మిగిలింది.

ఉప్పు ట్రిప్పుకి వాన పట్టుకుంది. గెడ్డ దాటేటప్పుడు నీళ్ళు చీలమండ లోతే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే అప్పటికే గెడ్డ ఎర్రబడి మోకాలు దాటింది. ఇంక వెనక్కి పోవడానికి లేదు. పట్టా కప్పిన ఉప్పు బస్తాలతో నల్లెద్దు మెడవిరుపు చేరింది. ఇంజను ఆగలేదు. కాని మట్టి బురదై పట్టు లేదు. చక్రం తిరుగుతోంది, బండి కదలడం లేదు. తర్వాత, మెల్లగా, వెనక్కి జారింది.

నూకాలు చెక్క పెట్టింది. చెక్క కింద బురద నలిగింది. ఆగింది.

సగం దించేద్దామా అని సన్యాసి కేక వేశాడు. ఈ వానలో ఉప్పు దించితే ఏముంటుంది? నీళ్ళయి గెడ్డలో కలుస్తుంది. పోనీ ఇద్దరం దూరంగా తొలిగిపోదామా అన్నాడు. లారీ పోతే పోయింది, మనుషులైనా మిగులుతారు.

నూకాలు చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ముఖం నిండా బురద.

"సరే, ఇంకోలా చూద్దాం" అంది. "బావా, నువ్వు మలుపు ఎక్కొద్దు. ఒక్క బెత్తెడు ఎక్కు. ఆపు. నాను చెక్క జరుపుతాను. మళ్ళీ బెత్తెడు."

"నూకాలూ, జారితే నీ మీదకే వస్తాది."

"ఆరున్నాయి బావా. అవి వదలవు. నానూ వదల్ను."

చక్రం ముందు రాళ్ళు, కొమ్మలు పరిచింది. ఇంజను దంచింది. లారీ బెత్తెడు ఎక్కింది. నూకాలు చెక్క జరిపింది. ఇంజను దంచింది. బెత్తెడు. చెక్క జరిపింది. ఇంజను దంచింది. బెత్తెడు. రెండు బెత్తెల కోసం అంత యాతన పడిన మనుషులు, ఆ మలుపంతా బెత్తెడు బెత్తెడుగా ఎక్కారు. పైనుంచి జనం గోనెలు కప్పుకుని దిగొచ్చి చూశారు. చెయ్యి వేయడానికి చోటు లేదు. పక్కన నిలబడి, దంచేటప్పుడు వేసే ఊపిరి వేశారు. హుఁ. హుఁ. హుఁ. ఆ ఊపిరికి ఇంజను, ఇంజనుకి చెక్క.

మెట్ట ఎక్కింది. చదును మీద సన్యాసి తలుపు తీసి పెట్టాడు. ఈసారి నూకాలు రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి, చెక్కని మేకుకి తగిలించబోయింది. తగల్లేదు. మళ్ళీ ప్రయత్నించింది. తగిలింది.

"ఎక్కీసాను బావా, పోనీయ్."

ఆ వానాకాలం ఎగువూళ్ళో ఎవరూ టెంకలు నానబెట్టలేదు. ఉయ్యాలలన్నీ ఊగాయి.

తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. సన్యాసి తల పండింది. నూకాలు మోకాళ్ళు అరిగాయి. మెడవిరుపు నుంచి గాలిమెట్టకి ఆమె నడక ఏడాదికేడాది ఆలస్యమైంది. సన్యాసి నిరీక్షణ ఏడాదికేడాది పెరిగింది. ఇంక ఇంట్లో ఉండమ్మీ అంటే, ఉంటే చక్రం వెనక ఎవరు నడుస్తారు అనేది. ఒక మంచుకాలంలో, నిద్రలోనే, నూకాలు వెళ్ళిపోయింది. ఆమెని గాలిమెట్ట మీద, దారి పక్కనే పూడ్చిపెట్టారు. కొత్త క్లీనరు దొరికేదాకా లారీ సన్యాసి ఒక్కడే తోలాడు.

ఆ మొదటి ట్రిప్పున సన్యాసి మెడవిరుపు దగ్గర అలవాటుగా నెమ్మది చేశాడు. మలుపు తిరిగాడు. మెట్ట ఎక్కాడు. ఎడమ తలుపు తీసి పెట్టాడు. ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. ఈరోజు మరీ ఆలస్యం చేస్తోందే అనుకున్నాడు.

అనుకున్నాక గుర్తొచ్చింది.

పొలాల నుంచి వచ్చేవాళ్ళు చూశారట. ముసలాయన స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడు. ఇంజను ఆరు రోకళ్ళతో మెల్లగా దంచుకుంటోంది. తలుపు తీసే ఉంది. ఎవరూ దగ్గరకి పోలేదు. చాలాసేపటికి ఆయన తల ఎత్తి, ఖాళీ ఫుట్‌బోర్డు వైపు చూసి, "ఎక్కీసావా?" అన్నాడు. గాలి వీచింది. తలుపు దానంతటది మూసుకుంది. ఆయన గేరు వేశాడు.

నల్లెద్దు ఇప్పుడు లేదు. మెడవిరుపుకి తారు పడింది. బస్సులు వచ్చాయి. వాటి ఇంజన్లకి ఆ మలుపు ఒక లెక్క కాదు. అయినా ఏనుగుమెట్ట మీద ఏదైనా పని రెండుసార్లు తప్పితే, ఎవరో ఒకరు చీర కొంగో, తుండో దులుపుకుని లేచి, సరే, ఇంకోలా చూద్దాం అంటారు. కొలత పట్టాల్సి వస్తే ఎవరి చెయ్యీ నమ్మరు. గుడ్డకి ముడి వేస్తారు.

ఇంకొకటి కూడా ఉంది. మెడవిరుపు ఎక్కిన ఏ బండైనా గాలిమెట్ట మీద ఆగుతుంది. ఇంజను ఆపరు. ఎడమ తలుపు తీస్తారు. ముందు ఎడమపక్క సీటులో కూర్చున్నవాళ్ళు, ఎంత పెద్దవాళ్ళైనా, లేచి వెనక్కి జరుగుతారు. తన సీటు ఇంజనుకి ఇచ్చేసిన మనిషి కదా. కొత్తగా వచ్చిన డ్రైవర్లు, "ఎవరూ లేరు కదా, పోదామా?" అంటారు. అరిగిన మోకాళ్ళతో ఒక మనిషి ఆ ఎత్తు నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ బస్సులో అందరూ కూర్చునే ఉంటారు.

తర్వాత ఎవరో ఒక ముసలావిడ ఖాళీ సీటు వైపు చూసి అంటుంది.

"ఎక్కీసింది. పోనీయ్."